ఫొటో సరిపోలని మనిషి

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి ప్రత్యేక సంచిక ఆరోగ్యం మీద వేస్తున్నామనీ, సభలో కూడా ఆ విషయం మీదే మాట్లాడాలనీ కార్యదర్శిగారు నిర్ణయించారు. గుండెను ఒకరు, మోకాళ్లను ఒకరు, చక్కెరవ్యాధిని ఒకరు ముందే పంచుకున్నారు. చివరికి గ్రంథులు మిగిలాయి. "మీరు గ్రంథాలు చదువుతారు గదా, గ్రంథులు మీకే" అన్నారు. కాదనలేకపోయాను.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు ఖజానా శాఖలో గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. కాబట్టి వైద్యం చెప్పను. నా కళ్ల ముందు జరిగిన మూడు సంగతులు చెప్పి, వాటి గురించి తర్వాత చదివి తెలుసుకున్నది, డాక్టర్లను అడిగి సరిచూసుకున్నది మీకు విన్నవిస్తాను. ఒకటి నా కౌంటరు దగ్గర జరిగింది. రెండోది నా ఇంట్లో. మూడోది నా సొంత రక్తపరీక్ష కాగితం.

ముందు రెండు ముక్కలు ఈ గ్రంథుల గురించి. నోట్లో లాలాజలం ఊరే గ్రంథులకు నాళాలుంటాయి. నేను చెప్పబోయే వాటికి నాళాలు లేవు, అందుకే వినాళ గ్రంథులన్నారు. ఇవి తయారుచేసే రసాన్ని నేరుగా రక్తంలోకి వదులుతాయి. ఆ రసాలకు హార్మోన్లన్న పేరు 1905లో లండనులో స్టార్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టాడు. మెడలో థైరాయిడ్, మూత్రపిండాల మీద టోపీల్లాగ ఎడ్రినల్, మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ. దీన్నే మన పుస్తకాల్లో పీయూష గ్రంథి అన్నారు. మిగతా గ్రంథుల్లో చాలావాటికి ఇదే హెడ్డాఫీసు. ఎముకలో చిన్న గుంట చేసుకుని అందులో కూర్చుని ఉంటుంది. దాని పైనుంచే కంటినరాలు వెళతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, పని ఉంది.

ఇక మొదటి సంగతి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పింఛను ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది దాని సారం. ఆ తేదీనే మనం ఈ పండుగ చేసుకుంటున్నాం. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1983లో, ఒక చిన్న ఊరి సబ్ ట్రెజరీలో పింఛన్ల కౌంటరు చూస్తున్న నేను ఒక వితంతువు పింఛను మూడు నెలలు ఆపాను.

ఆమె భర్త తాలూకా ఆఫీసులో నౌకరు. 1972లో పోయాడు. అప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు. పింఛను పుస్తకంలో అంటించిన ఫొటో అప్పటిదే. సన్నటి ముఖం, చిన్న ముక్కు. నేను ఆ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చాను. ఏటా ఒకసారి మనిషిని ఎదుట నిలబెట్టి చూసుకోవాలి గదా, ఆ రోజు ఆమె వచ్చింది. ఫొటో చూశాను, మనిషిని చూశాను. నా ముందున్న మనిషికి పెద్ద దవడ, లావు పెదవులు, వెడల్పు ముక్కు, ముందుకు పొడుచుకొచ్చిన నుదురు. పళ్ల మధ్య సందులు. గొంతు మగగొంతు. కాళ్లకు మగవాళ్ల చెప్పులు. పైగా వరుసలో నిలబడ్డవాళ్లను ఇటూ అటూ తగులుతూ వచ్చింది.

"ఈ ఫొటోలో ఉన్నది నువ్వు కాదమ్మా" అన్నాను.

"నేనే బాబూ" అంది.

మనిషి చనిపోతే చెప్పకుండా ఇంకొకరు వచ్చి వేలిముద్ర వేసి పింఛను తీసుకోవడం ఆ రోజుల్లో మేము విన్న మోసమే. గుర్తింపు సందేహాస్పదం అని నోటు రాసి పెట్టాను. వర్ణన పట్టీలో ఎడమ దవడ మీద పుట్టుమచ్చ అని ఉంది. ఆమె దవడ మీద మచ్చ ఉంది కూడా. నేను చూశాను. మచ్చలు చాలామందికుంటాయి అనుకున్నాను. మరుసటి నెల గ్రామ మునసబు చేత కాగితం రాయించుకొచ్చింది. మునసబుకు కూడా వాటా ఉందేమో అనుకున్నాను. నా సీట్లో కూర్చున్నవాడికి అలాంటి ఆలోచనలే వస్తాయి. మూడో నెల వచ్చి ఏమీ అడగకుండా గోడవార కూర్చుంది. తల రెండు చేతులతో పట్టుకుని ఉంది. తలనొప్పి అని పక్కవాళ్లతో చెబుతోంది.

ఆ రోజు ఒక ప్రభుత్వ డాక్టరుగారు తన బిల్లు సంగతి కనుక్కోవడానికి మా ఆఫీసుకు వచ్చారు. లోపలికి వెళుతూ ఆమెను చూసి ఆగిపోయారు. చేతులు చాపమన్నారు. నాలుక చూపించమన్నారు. చెప్పుల కొలత ఎప్పటినుంచి పెరిగిందని అడిగారు. ఆమె ముందు నిలబడి, తన ముక్కుకేసి చూడమని, రెండు పక్కలా చేతులు చాపి వేళ్లు ఆడించారు. ఆమెకు అవి కనపడలేదు. నా దగ్గరకొచ్చి, "ఈమె పాత ఫొటో ఏమైనా దొరుకుతుందా?" అన్నారు. నేను మూడు నెలలుగా సాక్ష్యంగా దాచుకున్న ఫొటో ఇచ్చాను. ఆయన దాన్ని ఆమె ముఖం పక్కన పెట్టి చూసి, "ఇద్దరూ ఒకరేనండీ. మధ్యలో వచ్చింది జబ్బు" అన్నారు.

మా సబ్ ట్రెజరీ అధికారి భూతద్దం తెప్పించి వేలిముద్రలు పోల్చారు. ముద్ర మునుపటికన్న వెడల్పయింది గాని గీతలు అవే. ఆ రోజే బకాయితో సహా పింఛను ఇచ్చాం. డాక్టరుగారు చీటీ రాసి ఆమెను పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ తలకు ఎక్స్‌రే తీసి పిట్యూటరీలో గడ్డ ఉందని చెప్పి, ఆపరేషన్ చేశారు.

ఆ జబ్బు పేరు ఏక్రోమెగలీ. చేతులు, కాళ్లు, ముఖం వంటి శరీరపు చివరలు పెద్దవి కావడం అని అర్థం. 1886లో పారిస్‌లో పియరీ మారీ అనే వైద్యుడు ఆ పేరు పెట్టాడు. పిట్యూటరీలో చిన్న గడ్డ పుట్టి, ఎదుగుదల హార్మోను అవసరానికి మించి తయారు చేస్తుంది. చిన్నతనంలో వస్తే మనిషి తాటిచెట్టులా పొడుగవుతాడు. ఎదుగుదల ఆగిపోయాక వస్తే పొడుగు పెరగడు, ఎముకలు లావెక్కుతాయి. గడ్డ పైకి పెరిగి కంటినరాలను నొక్కితే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు కనిపించవు. ఆమె వరుసలో అందరినీ తగులుతూ వచ్చింది అందుకే. రక్తపోటు, చక్కెర, గుండె పెరగడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం దీని వెంట వస్తాయి. చాలా అరుదైన జబ్బు. కాని వచ్చినవారిలో అది మొదలైన ఎన్నో ఏళ్లకు గాని బయటపడదు. ఎందుకంటే, రోజుకింత అని మారే ముఖాన్ని రోజూ చూసేవాళ్లు గుర్తుపట్టలేరు. అందుకే ఈ వైద్యులు రోగిని మొట్టమొదట పాత ఫొటోలు తెమ్మంటారు. ట్రెజరీ గుమాస్తా చేసే పనే వాళ్లూ చేస్తారు. తేడా ఏమిటంటే, ఫొటో సరిపోలకపోతే వాళ్లు రోగం అనుకుంటారు, నేను దొంగతనం అనుకున్నాను.

ఈ జబ్బు మీద జరిగిన పరిశోధనలో ఒక ముచ్చట చెబుతాను. 18వ శతాబ్దంలో ఐర్లండులో ఛార్లెస్ బర్న్ అనే అతి పొడుగు మనిషి ఉండేవాడు. లండనులో జనం డబ్బిచ్చి చూసేవారు. 1783లో 22 ఏళ్లకే పోయాడు. తన శరీరం వైద్యుల చేతికి చిక్కకుండా సముద్రంలో వదలమని కోరుకున్నాడు. అయినా జాన్ హంటర్ అనే సర్జన్ దాన్ని సంపాదించి అస్థిపంజరం నిలబెట్టాడు. 1909లో అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ ఆ పుర్రె తెరిపించి చూస్తే పిట్యూటరీ ఉండే గుంట బాగా పెద్దదై ఉంది. 2011లో అతని పళ్లనుంచి తీసిన డి.ఎన్.ఎ.ని పరీక్షించి, వంశపారంపర్యంగా వచ్చే ఒక జన్యులోపాన్ని పట్టుకున్నారు. అదే లోపం నేటి ఉత్తర ఐర్లండులో నాలుగు కుటుంబాల్లో ఉందని తేలింది. దానివల్ల ఆ ఇళ్లలోని పిల్లలను ముందే పరీక్షించే వీలు కలిగింది. మేలే. అయినా ఆ మనిషి మాట చెల్లలేదు. 2023లో ఆ మ్యూజియం తిరిగి తెరిచినప్పుడు అస్థిపంజరాన్ని ప్రదర్శన నుంచి తీసేశారు. రెండు వందల ఏళ్లు పైబడి పట్టింది.

ఇప్పుడు వైద్యం బాగా ముందుకు వెళ్లింది. రక్తంలో ఐ.జి.ఎఫ్.-1 అనే పరీక్ష ఉంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, ఎదుగుదల హార్మోను తగ్గుతుందా లేదా అని చూస్తారు. ఎం.ఆర్.ఐ.లో గడ్డ కనిపిస్తుంది. ముక్కులోంచి వెళ్లి తీసేస్తారు. మిగిలిపోతే ఇంజెక్షన్లున్నాయి.

మరుసటి ఏడాది ఆమె కౌంటరుకు వచ్చింది. ముఖం పాతది కాలేదు. పెరిగిన ఎముక తగ్గదు. తలనొప్పి పోయిందన్నది. పక్కచూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కొంగులోంచి కొత్త ఫొటో తీసి, "ఇది అంటించండి బాబూ, మళ్లీ మీకు ఇబ్బంది ఎందుకు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నేను చేసిన మూడు నెలల ఆలస్యం వల్లే చూపు పోయిందా అని డాక్టరుగారిని తర్వాత ఒకసారి అడిగాను. "పదేళ్లుగా పెరిగిన జబ్బు. అందులో మూడు నెలల లెక్క ఎవరు తేల్చగలరు?" అన్నారు. అది నన్ను క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత జరిగాక, ముఖాలు చూడటంలో నన్ను మించినవాడు లేడని నాకొక గర్వం ఏర్పడింది. దాన్ని మా ఆవిడ తీర్చింది. ఇది రెండో సంగతి.

2014, 2015 సంవత్సరాల్లో మా ఆవిడ నెమ్మదించింది. ఉదయం ఆరింటికి వచ్చే కాఫీ ఏడున్నరకు వచ్చేది. కూర్చున్నచోటే కునుకు. పొయ్యి మీద పాలు పొంగి దీపం ఆరిపోయినా తెలియదు. మాఘమాసం వెళ్లిపోయినా స్వెట్టరు తియ్యదు. "అరవై దాటాయి, ఇక ఇంతే" అని నేను, "అంతేనేమోనండీ" అని ఆమె. ఒకటి రెండుసార్లు కసురుకున్నాను కూడా. మతిమరుపు ఇంకాస్త ముదిరితే ఎలాగని లోలోపల భయపడ్డాను గాని, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని తోచలేదు. వయసుకు మందేముంది?

2016 సంక్రాంతికి మా అమ్మాయి ఏడాదిన్నర తర్వాత బెంగుళూరు నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తల్లి మాట విని, "నాన్నా, అమ్మ గొంతేమిటి ఇలా అయిపోయింది? ముఖమేమిటి ఇంత ఉబ్బింది?" అంది. నేను తలెత్తి చూశాను. గోడ మీద మా షష్టిపూర్తి ఫొటో ఉంది. ఫొటో చూశాను, మనిషిని చూశాను. కళ్ల కింద ఉబ్బు, కనుబొమల చివర్లు రాలిపోయాయి, చర్మం గరుకు. కౌంటరు దగ్గర ఒక్క నిమిషంలో పట్టుకునేవాణ్ణి. ఇంట్లో రెండేళ్లు పట్టుకోలేదు. రోజూ చూశాను గదా!

రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. ఎనభై దాటింది. నాలుగైదు లోపు ఉండాల్సింది. మనకు తెలిసిన భాషలో చెబుతాను. థైరాయిడ్ పని చేయకపోతే హెడ్డాఫీసు పిట్యూటరీ మెమో పంపుతుంది. జవాబు రాకపోతే రిమైండరు, దాని మీద రిమైండరు. ఆ మెమోల పేరే టి.ఎస్.హెచ్. అంకె పెరిగిందంటే కింది ఆఫీసు నిద్రపోతున్నదని అర్థం. డాక్టరుగారు వయసూ గుండే చూసుకుని 25 మైక్రోగ్రాముల చిన్న మాత్రతో మొదలుపెట్టి, ఆరేసి వారాలకు పరీక్ష చేసి పెంచుకుంటూ వెళ్లారు. ఆరు నెలలకు మా ఆవిడ మా ఆవిడయింది. "మీరు కసురుకున్న రోజులన్నీ గుర్తున్నాయండీ, మతిమరుపు కాదని తేలింది గదా" అంది.

ఈ వైద్యం వెనుక కథ కూడా గొప్పదే. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జి మర్రే అనే యువ వైద్యుడు, ఇదే స్థితిలో ఉన్న 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షనుగా ఇచ్చాడు. ఆమె లేచి తిరిగింది. 28 ఏళ్లు బతికి, 1919లో 74వ ఏట పోయింది. ఆమె కోసం 870 పైచిలుకు గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయని మర్రే లెక్క రాసిపెట్టాడు. లెక్క రాసేవాళ్లంటే నాకు గౌరవం. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ ఆ రసంలోని థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా విడదీశాడు. 1949లో లండనులో రిచర్డ్ ఆషర్ అనే డాక్టరు 14 కేసులు ప్రచురించాడు. వాళ్లందరికీ థైరాయిడ్ లోపం వల్ల మతి చలించింది. మందు ఇస్తే చాలామంది బాగుపడ్డారు. పిచ్చి అనో, ముసలితనం అనో ముద్ర వేసే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించాలని ఆ కేసులు చెబుతున్నాయి. మన దేశంలో హైదరాబాదుతో కలిపి ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉందని తేలింది. ఈ హాల్లో ఉన్నవాళ్లను మీరే లెక్కవేసుకోండి.

లెక్కవేసుకుని వెంటనే మందుల షాపుకు పరుగెత్తకండి. మూడో సంగతి అదే. మా ఆవిడ కథ తర్వాత నాకు అనుమానం పట్టుకుంది. ఒక శిబిరంలో పరీక్ష చేయించుకుంటే టి.ఎస్.హెచ్. ఆరు చిల్లర వచ్చింది. నాకు ఏ బాధా లేదు. అయినా మా ఆవిడ మాత్రల సీసాలోంచి ఒకటి వేసుకుందామా అనుకున్నాను. డాక్టరుగారు ఆపారు. వయసుతోపాటు ఆ అంకె కొంచెం పెరగడం సహజమన్నారు. మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే తగ్గింది. 2017లో యూరప్‌లో 65 దాటిన 737 మంది మీద జరిపిన ట్రస్ట్ అనే పరిశోధన వచ్చింది. థైరాయిడ్ హార్మోను సరిగానే ఉండి టి.ఎస్.హెచ్. మాత్రమే స్వల్పంగా పెరిగినవారికి మాత్ర ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా, అలసటలో తేడా రాలేదు. అవసరం లేని మాత్ర ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఫొటో ఒక్కటే చూసి ఆమెను దొంగ అన్నాను. అంకె ఒక్కటే చూసి నన్ను నేను రోగిననుకున్నాను. రెండూ ఒకే తప్పు.

ఇంకొక ముఖం గురించి చెప్పి ముగిస్తాను. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని పొడులు, మాత్రలు వాడేవాళ్లు మనలో ఉన్నారు. నాలుగు రోజుల్లో నొప్పి మాయమై, నాలుగు నెలల్లో ముఖం పూర్ణచంద్రుడిలా గుండ్రమై, పొట్ట పెరిగి, చేతులు సన్నబడి, చర్మం తగిలితే కమిలిపోతుంటే, అందులో స్టిరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. ఆ రూపాన్ని కుషింగ్ వర్ణించాడు, ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. భయపడి ఒక్కసారిగా మానేయడం ఇంకా ప్రమాదం. అన్నాళ్లు కూర్చున్న ఎడ్రినల్ గ్రంథి వెంటనే లేవలేదు. ఆ పొడి పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు.

ఇక నేను కోరేది చిన్నది. థైరాయిడ్ మాత్ర వాడేవారు పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంటో గంటో ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పెట్టండి. ఉంగరం బిగిసినా, చెప్పుల కొలత మారినా, గొంతు మారినా, ఎండాకాలంలో చలివేసినా వయసు అని సరిపెట్టుకోక డాక్టరుకు చెప్పండి.

రెండోది. ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తున్నాం. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌లో సెల్‌ఫోనుకు ముఖం చూపించినా సరిపోతున్నది. ముసలివాళ్లకు ఎంతో సుఖం. అయితే ఆ ఫోను మనిషి అదేనా అని చూస్తుంది గాని, ముఖం ఎందుకిలా అయిందని అడగదు. అడగవలసింది మనమే. ఏటా ఆ పత్రం ఇచ్చే రోజున మీ ఫొటో, మీ ఇంట్లోవారి ఫొటో ఒకటి తీసి, వెనుక తేదీ వేసి దాచండి. నిరుటి ఫొటో పక్కన పెట్టి చూడండి. ఏడాదికొకసారి ఈ సభలో కలుసుకునే మనం కూడా ఒకరి ముఖం ఒకరం కాస్త నిదానంగా చూసుకుందాం. రోజూ చూసేవారికి కనిపించనిది ఏడాదికొకసారి చూసేవాడికి కనిపిస్తుంది. మా అమ్మాయి రాకపోతే నా ఇంట్లో ఏమయ్యేదో!

ఆ తల్లి కొత్త ఫొటోను నేనే జిగురు రాసి పాతదాని పక్కన అంటించాను. పాతది పీకెయ్యలేదు. ఆ పుస్తకం తిప్పే తర్వాతి గుమాస్తా రెండూ చూడాలని.